ఎడమచేతి ముడి

"ఇవేంటి నా ఫ్రిజ్‌లో?"

వదిన వేసిన కేకకి, వెనక షెడ్డులో పడవ ఇంజను విప్పుతున్న అన్న పానా చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

ఐసు అరలో, చేపముక్కల డబ్బాకి ఆనుకుని ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో మూడు చిన్న పక్షులు గోధుమరంగు రెక్కలు ముడుచుకుని పడుకున్నాయి. ఒకదాని కాలికి సన్నటి రింగు ఉంది.

"నావే," అంది గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు. పొద్దున మడుగులో తడిసిన బట్టలు ఇంకా మార్చుకోలేదు. "ముట్టుకోకు వదినా. అవి పాడవకూడదు."

"ఇంకా పాడవడానికి ఏం మిగిలింది? చచ్చాయిగా! ఇదేమన్నా శవాల గది అనుకున్నావా?"

"నా వలలో పడి ఎలా చచ్చిపోయాయో యూనివర్సిటీ కమిటీకి చూపించాలి. అందాకా చల్లగా ఉండాలి."

అన్న సంచిలోకి తొంగి చూశాడు. చూసి నవ్వాడు. ఆ నవ్వు ఏడుపు కంటే అధ్వాన్నంగా ఉంది.

"పక్షుల్ని కాపాడే చదువుకి నెలనెలా జీతం! చంపడానికైతే మా పిల్లి చాలుగా, పైసా అడగదు."

"అన్నయ్యా, నోర్ముయ్."

"నేనెందుకు మూస్తానే? నువ్వు రిపోర్టు రాస్తేనేగా, రెల్లు గుడ్లు పెట్టే కాలమని మడుగులోకి ఇంజను పడవలు రాకుండా ఆపారు? నా షెడ్డులో సగం పానాలు తుప్పు పడుతున్నాయి. పక్షుల కోసమే కదా, పోనీలే అనుకున్నాను. తీరా చూస్తే నువ్వే..."

"రెల్లు గుడ్లు పెట్టదు. రెల్లులో పక్షులు పెడతాయి," అంది పిట్ట.

అంత కోపంలోనూ తప్పు దిద్దకుండా ఉండలేదు. పుట్టినప్పుడు బక్కగా ఉందని తండ్రి పెట్టిన ముద్దుపేరు పిట్ట. ఆయన పోయినా పేరు మిగిలింది. పక్షుల మీద పీజీ చెయ్యడం మొదలుపెట్టాక ఒడ్డున అసలు పేరు అందరూ మర్చేపోయారు. పిట్ట కొంచెం, కూత ఘనం అని వదిన వెక్కిరింత.

ఆ కూతతోనే నెలనెలా జీతమిచ్చే ఫెలోషిప్ తెచ్చుకుంది. అంతకు ముందు తన డిపార్ట్‌మెంటులో పిల్లలు జీతం లేకుండా మడుగులో మోకాళ్ళ దాకా దిగి పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళు. ప్రకృతి మీద ప్రేమ ఉన్నవాళ్ళు డబ్బు అడగరు అనేది గైడు మేడమ్. తండ్రి కారులో దిగేవాళ్ళు అడగక్కర్లేదు మరి. బస్సులో వచ్చేవాళ్ళు ఒక్కొక్కరూ ప్రేమని అక్కడే వదిలేసి బ్యాంకు పరీక్షలకి పోయారు. పిట్ట పోలేదు. తోటివాళ్ళని కూడగట్టి, పెద్ద ఆఫీసు మెట్ల మీద కూర్చుని, పనికి జీతం ఇవ్వమని అడిగింది. ఇచ్చారు. జీతంతో వచ్చిన మొదటి జట్టులో మొదటి పేరు తనదే. ఇవాళ ఆ మొదటి పేరు పక్కనే చచ్చిన పక్షులు మూడు పడ్డాయి.

"మధ్యాహ్నం మేడమ్ రమ్మంది," అంది పిట్ట నెమ్మదిగా. "రేపు కమిటీ ఉంది. ఫెలోషిప్ తీసేస్తారేమో."

వదిన ఇంకేదో అనబోయి, ఫ్రిజ్ తలుపు మెల్లగా వేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపే అలవాటున్న మనిషి. ఇవాళ ఆ తలుపుని కూడా ఏమీ అనలేదు.

* * *

పిట్ట పెరట్లో తాడు మీద వల పరిచింది.

అది చేపల వల కాదు, పక్షుల్ని పట్టి కాలికి రింగు వేసి వదిలే వల. వెంట్రుక కంటే కాస్త లావు దారం. ఎగిరొచ్చిన పక్షికి కనబడదు. తగలగానే ఒదులుగా వేలాడే జేబులోకి జారి, పసిపిల్ల ఉయ్యాల్లో పడ్డట్టు పడుతుంది. దెబ్బ తగలదు. ఇన్నాళ్ళలో ఒక్క ఈక ఊడలేదు. అలాంటిది ఇవాళ మూడు మెడలు తెగాయి.

వల ఎత్తే ముందు దారం దారం చూసుకోవాలన్నది మొదటి పాఠం. చీకట్లో, తెల్లారిపోతుందన్న తొందరలో చూడలేదు. ఇప్పుడు చూస్తోంది.

మొదటి ముడి దగ్గరే వేళ్ళు ఆగాయి.

చిరుగులన్నీ కుట్టి ఉన్నాయి, పక్షుల వల దారంతో కాదు, చేపల వలకి వాడే గాజులాంటి నైలాన్ దారంతో. జేబులన్నీ పైకి లాగి, తాడుకి బిగించి కట్టి ఉన్నాయి. ముడులన్నీ ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి.

ఆ ముడి పిట్టకి అక్షరాల కంటే ముందు తెలుసు.

అప్పుడే వీధి గేటు చప్పుడైంది. భుజం మీద దారం చుట్టతో తల్లి లోపలికి వచ్చింది. పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి, బాగుచేసిన వలలు ఇచ్చి వస్తోంది. ఎడమచేత్తో వల అల్లే మనిషి ఆ ఒడ్డున ఆవిడ ఒక్కతే. ఎవరి వల చిరిగినా ఆ వరండాలోకే వస్తుంది.

"ఎలా ఉందే వల?" అంది తల్లి నవ్వుతూ.

పిట్ట వెనక్కి తిరగలేదు. "నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంటి, బాగుచేశాను. నిన్న నువ్వు నిద్రపోతుంటే సంచీలోంచి తీసి చూశాను. ఎవడు అల్లాడే అది? చేతకాని వెధవ! ఎక్కడికక్కడ సంచిలా వేలాడుతోంది. చిరుగులొకటి. వలలవాళ్ళింటి పిల్ల అలాంటి వల పట్టుకుపోతే నలుగురూ నవ్వరూ?"

"అది వేలాడాలమ్మా!"

ఆ అరుపుకి వదిన, అన్న ఇద్దరూ పెరటి గుమ్మంలోకి వచ్చారు.

"వేలాడటమే దాని పని! ఒదులుగా ఉంటేనే పక్షి బతుకుతుంది. నువ్వు వీణ తీగలా బిగించావు. కత్తిలాంటి దారం పెట్టావు. నిన్నెవరు అడిగారు? నా సంచీ ఎందుకు తెరిచావు? ప్రతిదాంట్లో నీ చెయ్యి పడకపోతే నీకు తోచదా?"

"ఏమైందే ఇప్పుడు?" తల్లి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మొహం మీద మిగిలిపోయింది.

"చంపేశావు. మూడింటిని. వెళ్ళి చూసుకో, ఫ్రిజ్‌లో ఉన్నాయి."

"పిట్టా!" అన్న అడుగు ముందుకేశాడు. "అమ్మతోనా ఆ మాట? సరిగ్గా చూసుకోకుండా వల కట్టింది నువ్వు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అమ్మ మీద పడతావా?"

"నీకు వలల సంగతేం తెలుసు? బూటు తాడు ముడి వెయ్యడం కూడా రాదు నీకు!"

అది నిజమే. వలల ఇంట్లో పుట్టి ముడి పడని చేతులు వాడివి. చిన్నప్పుడు తల్లి ఎంత నేర్పినా, వాడు వేసిన ముడి వాడు చూస్తుండగానే జారిపోయేది. అందుకే ఇంజన్లలోకి పోయాడు. బోల్టుకి ముడి అక్కర్లేదు. ఇంట్లో అదొక పాత హాస్యం. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

తల్లి లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ తెరిచిన చప్పుడు వినబడింది. మూసిన చప్పుడు చాలాసేపటికి గాని వినబడలేదు.

తిరిగొచ్చి వరండాలో, సగం బాగుచేసిన చేపల వల ముందు కూర్చుంది. వల అల్లే సూది ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"అత్తయ్యా, కాస్త టీ తాగండి," అంది వదిన.

టీ అక్కడే చల్లారిపోయింది.

* * *

గైడు మేడమ్ గది గోడ నిండా పక్షుల ఫోటోలు. కిటికీకి ఎదురుగా వరండా అవతల వలలు పెట్టే స్టోరు, దానికి అరచెయ్యంత తాళం.

మేడమ్ ఎప్పుడూ గొంతు పెంచదు. కోపం వస్తే ఇంకా తగ్గిస్తుంది.

"కూర్చో. ఏడవకు."

"ఏడవడం లేదు మేడమ్."

"మంచిది. నువ్వు మెరికలాంటి విద్యార్థివి, కాదనను. కానీ మూడు పక్షులు. అందులో ఒకటి వరసగా రెండేళ్ళు ఇక్కడికి తిరిగొచ్చిన రింగు పక్షి. నేను కమిటీకి ఏం చెప్పను? జీతం తీసుకునే మనిషి దగ్గర జవాబుదారీ ఉండాలి కదా?"

"ఉంది. వల కట్టే ముందు చూసుకోలేదు, అది నా తప్పు."

"అదే. నేను నీకొక దారి చెప్తాను." మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఫెలోషిప్ నువ్వే వదిలేసుకో. పని మానెయ్యమనను. వాలంటీరుగా రా. మడుగు నీదే, పక్షులు నీవే, థీసిస్ నీదే. జీతం ఒక్కటీ ఉండదు."

పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. కాకపోతే ఈ పొగలో పని మాత్రం చెయ్యాలి.

పిట్టకి ఒళ్ళు మండిపోయింది.

"అంటే తప్పు చేసినదాన్ని పక్షుల దగ్గర ఉంచుకోవచ్చు, జీతం మాత్రం ఇవ్వకూడదు. అంతేనా మేడమ్?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను. ఆ వల నా ఇంట్లో ఎందుకుందో అడగండి. స్టోరు పదింటికి తెరుస్తారు. పక్షులు పదింటికి లేవవు! తెల్లవారుజామున వల కావాలంటే ముందురోజే ఇంటికి పట్టుకుపోవాలి. అందరం పట్టుకుపోతున్నాం, మీకు తెలిసే. తాళంచెవి ఇంకోటి చేయించమని ఎన్నిసార్లు అడిగాను?"

"ఇంటికి తీసుకెళ్ళమని నేను ఎప్పుడూ చెప్పలేదు."

"వద్దని కూడా చెప్పలేదు."

మేడమ్ చల్లకొచ్చి ముంత దాచే మనిషి కాదు గాని, ముంత ఎవరిదని అడిగితే మాత్రం ఆవిడకి గుర్తుండదు.

పిట్ట సంచీలోంచి వల తీసి బల్ల మీద పడేసింది. "ఇదిగోండి. కమిటీకి ఇదే చూపించండి."

మేడమ్ దాన్ని దగ్గరకు లాక్కుంది. కళ్ళజోడు పెట్టుకుంది. ఒక ముడి, ఇంకో ముడి, మరొకటి. మొహం మారిపోయింది.

"ఇది మనవాళ్ళ పని కాదు."

మేడమ్ వలని కిటికీ వెలుగులోకి ఎత్తింది.

"చేపల దారం. చేపలవాళ్ళ ముడి. ఎవరో కావాలని చేశారు. పడవలు ఆపినందుకు కడుపుమంట! ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" మేడమ్ గొంతులో మొదటిసారి వేడి కనిపించింది. నటన కాదు, నిజంగానే నమ్మింది. "ఇది నీ తప్పే కాదు. వల పాడుచేశారని ఒక్క మాట కమిటీతో చెప్పు. నీ ఫెలోషిప్ ఎవరూ ముట్టుకోరు. పైగా మడుగులో అన్ని పడవలూ ఏడాది పొడుగునా ఆపించవచ్చు. ఒకే దెబ్బకి రెండు పిట్టలు..."

అనేసి, నాలిక కరుచుకుంది.

"మేడమ్, ఆ ముడి..."

"చూడు, ఎడమవైపుకి తిరిగి ఉంది. ఎడమచేతివాటం మనిషి. ఇలాంటివాడు ఒడ్డున ఒకడుంటాడు, మహా అయితే ఇద్దరు. పట్టుకోవడం ఎంతసేపు?"

చెప్పాలి. అది మా అమ్మ ముడి అని చెప్పాలి. ఇన్నాళ్ళుగా పిట్ట ఇంట్లో ఏం చేస్తారని మేడమ్ ఒక్కసారీ అడగలేదు. చెప్తే ఇప్పుడే మొదటిసారి వింటుంది. విన్నాక ఏమంటుంది? ఇంట్లోవాళ్ళ చేతికి వల ఇచ్చావా అంటుంది. చేపలవాళ్ళ పిల్లకి జీతమిస్తే ఇంతేనంటుంది. తన తర్వాత ఆ మెట్ల మీద కూర్చోవలసిన ప్రతి బస్సు పిల్లకీ ఆ మాటే అడ్డం పడుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

పిట్ట ఖాళీ సంచీ భుజాన వేసుకుంది.

"సరే, వెళ్ళు. నేను చూసుకుంటాను," అని మేడమ్ ఫోను అందుకుంది.

తలుపు దాటే దాకా పిట్ట అవుననలేదు. కాదని కూడా అనలేదు.

* * *

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుగుంది. తల్లి పొద్దున కూర్చున్న చోటే కూర్చుని ఉంది.

"ఏమన్నారు?" అన్నాడు అన్న. పొద్దుటి కోపం వాడి మొహంలో లేదు. అదే పిట్టకి ఎక్కువ బాధేసింది. తిడితే బాగుండు.

చెప్పింది. వాలంటీరు సంగతి చెప్పింది. ముడి సంగతి చెప్పింది. తనేం జవాబిచ్చిందో మాత్రం చెప్పలేదు.

"చేపలవాళ్ళు కావాలని చేశారందా?" అన్న లేచి నిలబడ్డాడు. "ఏడాదంతా పడవలు ఆపిస్తుందా? ఒడ్డంతా ఏం తిని బతకాలట? రెల్లు తిని?"

"నువ్వేమన్నావు?" అంది వదిన.

పిట్ట తల దించుకుంది.

"అర్థమైంది," అంది వదిన. ఆవిడ ఉన్నమాట అనే మనిషి. "నిజం చెప్తే నీ జీతం పోతుంది. చెప్పకపోతే వాళ్ళ కూడు పోతుంది. నిన్ననడం సులువే పిట్టా, నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకూ తెలీదు."

అప్పుడు తల్లి మాట్లాడింది. ఆ రోజు పొద్దుటి తర్వాత అదే మొదటి మాట.

"నా ముడిని దొంగముడి అందా?"

"అమ్మా, ఆవిడకి తెలీదు..."

"ఆవిడ సంగతి కాదే. ఆవిడెవరో నాకు తెలీదు, నేనెవరో ఆవిడకి తెలీదు. నువ్వు అక్కడే ఉన్నావు. నా ముడి నీకు తెలుసు. దాన్ని పట్టుకుని ఎవరో పగబట్టి చేశారంటుంటే, తేలు కుట్టిన దొంగలా కూర్చుని వచ్చావా?"

"నిజం చెప్తే నన్ను తీసేస్తారమ్మా!"

"తీసెయ్యనీ!" తల్లి లేచిన విసురుకి ఒళ్ళోని సూది నేల మీద పడింది. "పొద్దున నేనే చంపేశానన్నావు. పడ్డాను. నిజంగానే చంపాను కాబట్టి పడ్డాను. ఆ మూడింటినీ నా చేతుల్లో పెట్టుకుని చూసుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని, తెలియని వలలో చెయ్యి పెట్టాను. ఆ తప్పు నాది. కానీ నేను పగతో చేశానంటే మాత్రం నా గుండె ఒప్పుకోదే. నీ వల బాగుండాలని చేశాను. అది కూడా చెప్పలేకపోయావు చూడు, అక్కడ కాలిపోతోంది నాకు."

పిట్ట ఏడ్చింది. కోపం మీద ఏడ్చింది. ఎవరి మీద కోపమో తెలిస్తే ఆ ఏడుపు అంతసేపు ఉండేది కాదు.

అన్న జేబులో ఫోను మోగింది. విన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. "ఎంతమంది?" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకునేసరికి వాడి మొహం నల్లబడింది.

"ఒడ్డుకి ఫారెస్టు గార్డులొచ్చారట. పడవ పడవకీ వలలు కిందికి దింపించి ముడులు చూస్తున్నారట. ఎడమవైపు ముడి ఎవరి వలలో ఉంటే వాళ్ళని జీపెక్కిస్తున్నారు."

ఆ ఒడ్డున ఎడమవైపు ముడి లేని వల ఏది?

"అందరి వలల్లోనూ నా చెయ్యే ఉందిరా," అంది తల్లి.

అన్న పానా బల్ల మీద పెట్టాడు. చెప్పులేసుకున్నాడు. "మీరిక్కడే ఉండండి. నేను చూసొస్తా," అని గేటు దాటేశాడు. వదిన వెనకాలే పరిగెత్తి పిలిచినా ఆగలేదు.

అరగంట దాటినా అన్న తిరిగి రాలేదు. తల్లి నేల మీది సూది తీసుకుని కొంగుకి గుచ్చుకుంది. "పద."

"అమ్మా..."

"నేనొక్కదాన్నే వెళ్ళి నా ముడి అంటే, ముసలిది ఎవరినో కాపాడటానికి వచ్చిందంటారు. నువ్వు చెప్తే నమ్ముతారు. రమ్మని చెయ్యి పట్టి లాగను. జీతం నీది, చదువు నీది. నేను మాత్రం వెళ్తున్నాను."

పిట్ట ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ఐసు అరలోంచి సంచి తీసింది. చల్లదనం వేళ్ళకి కొరికినట్టు తగిలింది. ఇవి పట్టుకునే వెళ్తాను, గార్డుల ముందే మేడమ్‌కి ఫోన్ చేస్తాను, చెప్పేస్తాను. పోతే పోనీ. అలా అనుకున్నాక పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

మేడమ్ పేరు వెతుకుతుండగానే ఫోను మోగింది. మేడమే.

"మేడమ్, నేనే చెయ్యబోతున్నాను. ఆ ముడి..."

"ఇంక నువ్వేమీ చెప్పక్కర్లేదు." మేడమ్ గొంతు తేలికపడి ఉంది. "దొరికాడు. మొత్తం ఒప్పుకున్నాడు కూడా. వలలన్నీ వదిలెయ్యండి, మిగతావాళ్ళకి సంబంధం లేదు, నేనొక్కణ్ణే చేశానన్నాడట. పడవలు ఆగి పని పోయిందన్న కోపంతో చేశాడు. ఎవరో ఇంజన్ల మెకానిక్కు. నీ ఫెలోషిప్‌కి ఇంక ఏ ఢోకా లేదు. రేపు కమిటీలో నువ్వు ఊరికే తలూపితే చాలు."

పిట్ట ఫోను చెవి దగ్గరే ఉంచుకుని గేటు వైపు తిరిగింది.

"ఏమంటుందే?" గేటు దగ్గర్నుంచి తల్లి అడిగింది.

"అన్నయ్య..." అంది పిట్ట. "ఆ ముడి తనే వేశానని ఒప్పుకున్నాడట."

తల్లి గేటు కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"వాడికి ముడి వెయ్యడం రాదే!"

ఫోనులో మేడమ్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "హలో? వింటున్నావా? ఏమిటా మాటలు? ఎవరికి ముడి వెయ్యడం రాదు?"